నెత్తిన నూనె

పాలమూరులో ఓ ప్రైవేటు దవాఖాన మొదటి అంతస్తు. పగలు పదకొండు గంటలు. అయినా ఆ గదిలో చీకటే, కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. ఫినాయిలు వాసన.

ఆర్నెల్లలో ఏడుసార్లు ఫిట్సొచ్చి పడ్డది సుచరిత. మొన్న పొయ్యి మీదనే పడి మోచేయి కాల్చుకుంది. మెదడు పరీక్షలో సంగతి తేలితే సరైన మందు రాస్తానన్నాడు డాక్టరు. మందు పడితే మళ్లీ కుట్టుమిషను తొక్కొచ్చు. అందుకే చెప్పినవన్నీ చేసింది. షాంపూతో రెండుసార్లు తలంటుకుంది. నూనె ముట్టలేదు. పొద్దుటి మాత్ర మానలేదు. ఇంత తిని మరీ వచ్చింది.

తల తడిమిన టెక్నీషియన్ బుష్రా మొహం చిట్లించింది.

"గీ జిడ్డేంది చెల్లె? నూనె వద్దని చీటీల రాసిచ్చిన కదా. వైర్ల బిళ్లలు అంటుకోవు, మిషన్ల గీతలు తప్పు వస్తయ్."

"పెట్టుకోలే అక్కా, ఒట్టు."

"మరి ఆకాశంకెల్లి కారిందా?"

పొద్దున వచ్చేటప్పుడు బస్సులో తల్లి ఒళ్లో కునుకు తీసింది సుచరిత. నెత్తి మీద ఆ చేయి ఎంత మెత్తగా తిరిగిందో!

"అమ్మా... నువ్వేనా?"

మూలన కూచున్న సైదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నువ్వు పడ్డప్పుడే అక్క మాట్లాడతది బిడ్డా. నీ నోట్లెకెల్లి నన్ను పిలుస్తది. మందేస్తే పోతది కదే..."

అక్క నిరోష. నాలుగేళ్ల కింద బాయిలో పడి చనిపోయింది.

అంటే, ఒక కూతురు నురగలు కక్కుతుంటే పక్కన కూచుని ఇంకో కూతురితో ముచ్చట్లు పెట్టింది కన్నతల్లి! కాలిన చేతికి మందు రాసింది కూడా ఈ చేతులతోనే.

బుష్రా మళ్లీ తల కడిగి, పేస్టు పెట్టి బిళ్లలు అంటించింది. "భయపడకు. నీలోకి కరెంటు రాదు. నీ తలల ఉన్నదే మిషను రాసుకుంటది. కండ్లు మూసుకో. గాలి జోరుగ పీల్చు."

పీల్చింది... వదిలింది... రెప్పల మీద లైటు టపటపా కొట్టింది... చెవి పక్కన ఇంకెవరో పీలుస్తున్నారు. పాత బాయి నాచు వాసన...

"మాట్లాడకు చెల్లె," బుష్రా గుసగుస.

సుచరిత పెదవి కదపలేదు.

లైటు వేశారు. వైర్లు తీసేశారు. "మంచిగనే వచ్చింది. డాక్టర్‌ సార్ చూసి మందు రాస్తడు" అని బయటికి పోయింది బుష్రా. సుచరిత నల్లా కింద తల పెట్టి పేస్టు కడుక్కుంటోంది. మిషను తెర మీద గీతలన్నీ చదునుగా పండుకున్నాయి.

సైదమ్మ లేచి వచ్చింది. దిండు మీది వైర్ల కుచ్చు మీదికి వంగింది.

"బిడ్డా..."

గీతలన్నీ ఒక్కసారి లేచాయి.

సైదమ్మ చెవి ఒగ్గి వింది. తల ఊపింది. కడుక్కుంటున్న కూతురి వీపు వైపు చూసి, మెల్లగా జవాబిచ్చింది.

"ఊఁ... ఒక్కతే ఉన్నది. బాయి కాడికి తోల్కొస్తున్న."