వీపు చూపించిన పటం

ఆస్థాన శిల్పి గంగోజు నా పనిని దొంగిలించి ఊరుకుని ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. దొంగిలించినదాన్ని గోడకు తిరగేసి పెట్టాడు, అదీ నా బాధ. ఆ ఒక్క తప్పువల్ల రాజుగారి కొడుకుతో సహా పన్నెండుమంది వీరులు అడవిలో రాళ్ళై నిలబడిపోయారు. గంగోజుకు మాత్రం గోరు కూడా విరగలేదు. పిల్లలూ, ఈ కథలో రాక్షసి ఉంది, పులి ఉంది. కానీ ముందు మీరు గుర్తు పెట్టుకోవలసిన పేరు గంగోజు.

నా పేరు తిప్పోజు. గుణింతాలు పూర్తికాకముందే మా నాయన నన్ను బడి మాన్పించి చేతికి సుత్తి ఇచ్చాడు. రంగురాళ్ళను గోరంత ముక్కలుగా కొట్టి, పక్కపక్కన పేర్చి, నెమళ్ళు, ఏనుగులు, తామరపూలు చేయడం మా ఇంటి పని. ఇప్పుడు మీరు మొజాయిక్ అంటారే, అదే. నా భార్య నాంచారి రాళ్ళు కొట్టేది. మా ఏడేళ్ళ కూతురు గురివింద ముక్కలను రంగుల వారీగా మూకుళ్ళలో వేసేది. నేను పేర్చేవాణ్ణి. అన్నం వండిన పొయ్యిమీదే జిగురు కాచేవాళ్ళం, అందుకని ఒక్కోసారి పులుసులో రాతిముక్క పంటికింద పడేది. వారానికోసారి పలకలు నెత్తిన పెట్టుకుని, పిల్లను వేలు పట్టుకుని సంతకు పోయేవాణ్ణి. బేరం కుదిరే సమయానికి గురివిందకు దాహమయ్యేది. నీళ్ళు తాగించి వచ్చేసరికి కొనేవాడు ఉండేవాడు కాదు.

ఆ ఏడు మా తుమ్మెదకోట రాజ్యానికి పెద్ద ఆపద వచ్చింది. బావుల్లో నీళ్ళు బరువెక్కాయి. వాటిని తాగినవాళ్ళలో ఇంటికొకరి చొప్పున రాయి కావడం మొదలైంది. ముందు కాలివేళ్ళు, తరువాత మడమలు, మోకాళ్ళు. రోజుకు బెత్తెడు చొప్పున రాయి పైకి పాకేది. గుండెను తాకితే ఇక మందు లేదు. అడవి అవతల కరుగూట అనే ఊట ఉంది, దాని నీళ్ళకే ఆ రాయి కరుగుతుంది. అక్కడికి దారి రాజుగారి కొలువుకూటం గోడమీద రాళ్ళతో పేర్చి ఉంది. ఆ దారినే పన్నెండుమంది వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

మా ఇంట్లో ఆ రాయి నాంచారిని పట్టింది. పీటమీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నడుము దాకా రాయైపోయింది. అయినా సుత్తి వదల్లేదు.

"గుండెకి ఇంకా నాలుగు బెత్తెలుంది," అంది, చేత్తో కొలుచుకుని. "నువ్వట్లా నా మొహం చూస్తూ కూర్చుంటే మూడవుతుంది."

"వీరులే తిరిగి రాలేదే."

"వాళ్ళకి కత్తులు తెలుసు. రాళ్ళతో పేర్చిన దారి సంగతి వాళ్ళకేం తెలుసు? రాజు ఈ రోజు కొలువు తలుపులు అందరికీ తెరిపించాడంట. పోయి ఆ గోడ చూడు. పిల్లని కూడా తీసుకుపో. పరిగెత్తితే నేను పట్టుకోలేను."

నేను పోయి గోడ చూశాను. ఆ పటం నా చేతిపని. ఇరవై ఏళ్ళ కింద దారి గీసిన ఒక తాటాకు చూపించి, ఇట్లా పేర్చిపెట్టమని గంగోజు నా చేత చేయించుకుపోయి, తన పనేనని చెప్పుకున్నాడు. తరువాత ఆ తాటాకు చెదలు తినేసింది. గోడకు ఎక్కిన పటాన్ని నేనెన్నడూ చూడలేదు, మాలాంటివాళ్ళను కోటలోకి రానిచ్చేవాళ్ళు కాదు.

మా పని తీరు చెబుతాను, వినండి. ముక్కలను గుడ్డకు బోర్లా అంటిస్తాం, అంటే ముఖం గుడ్డవైపు ఉంటుంది. పచ్చి సున్నం పూసిన గోడకు వీపువైపు అదిమి, సున్నం ఆరాక గుడ్డను తడిపి లాగేస్తాం. అప్పుడు ముఖం బయటికి వస్తుంది. గంగోజుకు అది తెలియదు. గుడ్డనే సున్నంలోకి అదిమేశాడు.

"ఏందిరా తిప్పోజూ, సంతలో ఏనుగులమ్ముకునేవాడికి కొలువులో ఏం పని?" అన్నాడు గంగోజు.

నేను అతనివైపు చూడలేదు. "ప్రభూ, ఇది పటం ముఖం కాదు. వీపు," అన్నాను.

"వీపేమిటి?" అన్నాడు రాజు.

"ప్రతి ముక్కనూ ముఖంవైపు వెడల్పుగా, వెనకవైపు సన్నగా కొడతాం ప్రభూ. ముఖంవైపు ముక్కకీ ముక్కకీ మధ్య వెంట్రుక పట్టదు. ఇక్కడ వేలు పెట్టి చూడండి. ఎడమకి పోవాల్సిన దారి కుడికి తిరిగింది, కుడికి పోవాల్సింది ఎడమకి తిరిగింది."

రాజు లేచివచ్చి గోడకు చెయ్యి ఆనించాడు. ఆయన చిటికెనవేలు ముక్కల సందులో దిగింది.

"అయితే నా కొడుకును నేనే తప్పుదారిన పంపాను," అన్నాడు.

"వీడికి అక్షరం రాదు ప్రభూ," అన్నాడు గంగోజు. "వీడి మాట నమ్మి ఇప్పుడు ఎవర్ని పంపుతారు?"

"ఎవర్నీ పంపొద్దు. నేనే పోతాను," అన్నాను.

"నీ మాట తప్పయితే?" అన్నాడు రాజు.

"తప్పయితే నేను తిరిగి రాను కదా ప్రభూ."

సున్నం మూట, జిగురుముంత, ఖాళీ కడవ తీసుకుని గురివిందతో అడవిలోకి దిగాను. పొద్దుగూకే వేళకు దారి రెండుగా చీలింది. గోడమీద కుడికి ఉంది, నేను ఎడమకు తిరిగాను. ఆ మలుపులో బండమీద ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"అందరూ కుడికి పోయారు," అన్నాడు ముని. "నీకు ఎడమకి పొమ్మని ఎవరు చెప్పారు నాయనా?"

"పని చెప్పింది స్వామీ."

"అయితే విను. లోయ దగ్గర తొందరపడకు. లోయ దాటాక నీకు బాగా కావలసినది కనబడుతుంది. దాని దగ్గరికి పోకు."

మరునాడు ఎండ ఎక్కేసరికి లోయ దగ్గరున్నాం. ఆ అంచునుంచి ఈ అంచుకు ఒక చెట్టుబెరడు పట్టీలాగా వేలాడుతోంది. ఒకప్పుడు దానిమీద రంగురాళ్ళతో పాముబొమ్మ ఉండేదట. ముక్కలన్నీ రాలి ఒడ్డున కుప్పపడి ఉన్నాయి. ఆ కుప్ప పక్కన ఒక పులి పడుకుని ఉంది.

"పాము పూర్తయితే బెరడు రాయంత గట్టిపడుతుంది," అంది పులి. "పేర్చుకో. నాకిప్పుడు ఆకలి లేదు. ఎండ నెత్తిమీదికొస్తే అవుతుంది."

గురివింద నా వెనక దాక్కుంది. "బిడ్డా, ఇంట్లో మాదిరే. నలుపు ఒక పక్క, పసుపు ఒక పక్క," అన్నాను. ఆ పిల్ల పులిని చూడకుండా ముక్కలు ఏరి అందించింది. నేను వాటిని మూటకట్టుకుని, బోర్లా పాక్కుంటూ అవతలి అంచుకు పోయి, తోకనుంచి ఈ ఒడ్డువైపు పేర్చుకుంటూ వచ్చాను. నా కింద బెరడు ఊగుతోంది, బెరడు కింద నేల కనబడటం లేదు. తలదాకా వచ్చాక ఒక్క ముక్క తక్కువైంది. అది పాము కన్ను, ఎర్రది.

"ఎర్రవి లేవు నాయనా," అంది గురివింద. అని తన చేతికున్న ఎర్రగాజు చూసుకుంది. సంతలో మూడు వారాలు ఏడ్చి కొనిపించుకున్న గాజు అది. రాయికేసి తనే కొట్టింది. ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి అప్పుడు ఏడ్చింది.

కన్ను అతికించాను. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పులి లేచి ఒళ్ళు విరుచుకుంది.

"ఇంకా కూర్చున్నావేం? పరిగెత్తవా?" అంది.

"సున్నం ఆరలేదు."

పులి నాలుగడుగులు వేసింది. గురివింద గోళ్ళు నా భుజంలో దిగాయి. నేను వేలితో సున్నం నొక్కి చూశాను, మెత్తగా ఉంది. పులి ఊపిరి నా మెడకు తగిలింది. మళ్ళీ నొక్కాను. వేలు దిగలేదు. పిల్లను ఎత్తుకుని నడిచాను, పరిగెత్తలేదు. మేము అవతలి ఒడ్డు తొక్కగానే వంతెన మీది పాము తల ఎత్తింది. దాని ఎర్రకన్ను పులివైపు తిరిగింది. పులి వెనక్కి తగ్గి మళ్ళీ పడుకుంది.

అక్కడినుంచి లోయ అవతల కుడిదారి కనిపించింది. ఆ దారిలో పన్నెండు రాతి విగ్రహాలు, ఒకటి కిరీటంతో, వరసగా నిలబడి ఉన్నాయి. గురివింద లెక్కపెట్టబోతే నా చేత్తో ఆ పిల్ల కళ్ళు మూశాను.

మూడో రోజు ఉదయం రెండో చీలిక దగ్గర దారి తప్పకుండా తిరిగాం. చెట్ల మధ్య మా ఇల్లు కనబడింది. అదే గడప, అదే పొయ్యి. పొయ్యి దగ్గర నాంచారి రెండు కాళ్ళమీద నిలబడి ఉంది.

"వచ్చారా? అన్నం చల్లారిపోతోంది," అంది. "నాకు తగ్గిపోయిందయ్యా. ఇక ఎక్కడికీ పోనక్కరలేదు."

"అమ్మా," అని గురివింద చెయ్యి విడిపించుకుంది. నాకూ కాళ్ళు ముందుకే పడ్డాయి. అప్పుడు ఆమె గరిటె తీసుకుంది, కుడిచేత్తో. నాంచారిది పుర్రచేతివాటం. పదేళ్ళుగా ఆమె ఎడమమోచెయ్యి తగిలి నా కంచంలో పులుసు ఒలుకుతూనే ఉంది. నేను పిల్లను జుట్టుపట్టి వెనక్కి లాగాను.

"ఆ గరిటె ఎడమచేతిలోకి మార్చుకో," అన్నాను.

ఆమె మార్చుకోలేదు. ఇల్లు పొగలా విడిపోయింది. ఎదురుగా కొండంత రాక్షసి, ఆమె పాదం కింద మూతపడిన ఊట.

"గోడమీదిది పటం వీపని కనిపెట్టింది నువ్వేనా?" అంది రాక్షసి. "సరే, ఊట వదులుతాను. కానీ ఊట ఊరికే రాదు. దానికి పడుకోవడానికి నేల కావాలి. రాజులిచ్చిన నేల పనికిరాదు, చెమటోడ్చి కొనుక్కున్నది కావాలి. ఈ కడవ నీళ్ళు ఆ నేలలో ఒంపు. అది చెరువవుతుంది, నీ రాజ్యంలో బావులన్నీ బాగవుతాయి. ఎంత నేల మునిగితే అంత రాయి కరుగుతుంది. మొత్తం మునిగితే నేను రాళ్ళు చేసిన ఆ పన్నెండుమందీ కదులుతారు, వాళ్ళ గుండెలు నేను ముట్టుకోలేదు."

నాకు ఒక చేను ఉంది. ఇరవై ఏళ్ళు సంతల్లో ఏనుగులూ నెమళ్ళూ అమ్మి కొన్నది. వచ్చే వానలకు సుత్తి పక్కనపెట్టి జొన్న వేద్దామనుకున్నాం. పిల్లను ఎండలో సంతలవెంట తిప్పక్కరలేదనుకున్నాం.

"పది గుంటలు ఇస్తాను," అన్నాను.

"పది గుంటలకు నడుము కరుగుతుంది. కాళ్ళు ఉండిపోతాయి."

"సగం ఇస్తాను."

"సగానికి ఒక కాలు వస్తుంది. ఏ కాలు కావాలో చెప్పు."

గురివింద నా మొహంలోకి చూసింది. ఏమైనా అడిగి ఉంటే కసిరేవాణ్ణి. నేను నోరు తెరిచి చేను నాలుగు హద్దులూ చెప్పాను, ఒక్క గట్టు కూడా మిగల్చకుండా. రాక్షసి పాదం పక్కకు తీసింది. కడవ నిండింది.

తిరుగుదారిలో నిద్రపోలేదు. పాము మమ్మల్ని దాటించి తల దించింది. నాలుగో రోజు పొద్దు వాలేవేళకు ఊరి పొలిమేర చేరాం. ఇల్లు ఇటు, చేను అటు. ఇంటికి పోయి నాంచారి ప్రాణంతో ఉందో లేదో ఒక్కసారి చూసి రావాలని నా మనసు పీకింది. ఆ కాస్త ఆలస్యంలోనే రాయి గుండెను తాకవచ్చు. చేనువైపే పరిగెత్తాను. నడిమధ్య నిలబడి కడవ ఒంపాను. నీళ్ళు నా మడమలు ముంచాయి, మోకాళ్ళు ముంచాయి. గురివిందను భుజాలమీద ఎక్కించుకుని గట్టుకు ఈదాను. వెనక్కి తిరిగేసరికి చేను లేదు.

ఇంటికి పోయేసరికి పక్కింటామె అప్పుడే తోడిన నీళ్ళు నాంచారి నోట్లో పోస్తోంది. రాయి గుండెకు వేలెడు దూరంలో ఆగి ఉంది. చూస్తుండగా అది చెమట పట్టి, తడిసి, దిగజారింది. నాంచారి ఒక కాలు కదిపింది, తరువాత రెండోది.

"ఇంతసేపా?" అంది. "కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి." అని లేవబోయి నా మీద పడింది. ముగ్గురం నేలమీద కూర్చుని ఏడ్చాం.

రెండు రోజులకు యువరాజు పదకొండుమంది వీరులతో నడిచి వచ్చాడు. రాజు మమ్మల్ని పిలిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు. నేను చేనుకు బదులు చేను అడుగుదామని నోరు తెరిచేలోపు నాంచారి అంది, "కోట గుమ్మం పక్కన నీడపట్టున కాస్త చోటివ్వండి ప్రభూ. పలకలు అక్కడే పెట్టి అమ్ముకుంటాం. పిల్ల ఎండలో తిరగలేదు." రాజు సంతోషించి అప్పటికప్పుడే ఇచ్చాడు. ఇన్నేళ్ళు పటాన్ని కాపాడినందుకని గంగోజుకు శాలువా కప్పాడు.

ఇప్పుడు మా కొట్టు బాగానే నడుస్తోంది. నాంచారి రాళ్ళు కొడుతుంది, పొయ్యి చూసుకోవడానికి నాలుగుసార్లు ఇంటికీ కొట్టుకీ తిరుగుతుంది. ఆ అడుగుల చప్పుడు వింటూ నేను పేరుస్తాను. గురివింద నాకంటే గట్టిగా బేరమాడుతుంది. ఊరంతా ఆ చెరువు నీళ్ళే తాగుతోంది, పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. ఎవరి నేలలో ఈదుతున్నారని అడిగితే ఒక్కడూ చెప్పలేడు. నేను చెబుతాను. అది నా చేను, ఎకరం పదహారు గుంటలు.