పిండి గదిలో గాజు పలకలు

"మీ పుట్టగొడుగుల దుమ్ము వల్లే నా బ్రెడ్డంతా బూజు పడుతోంది!"

కింది బేకరీ యువకుడు మెట్లెక్కి వచ్చి మరీ అరిచాడు. పై అంతస్తులో పుట్టగొడుగులు పెంచే అమ్మాయి చేతిలోని స్ప్రే కింద పెట్టనైనా లేదు.

"దుమ్ము కాదు, స్పోర్లు. విత్తనాల్లాంటివి. ఒక్క గొడుగు నుంచే కోట్లు రాలతాయి. చిన్న గాలి చాలు, ఎగిరిపోతాయి."

"చూశారా, మీరే ఒప్పుకున్నారు!"

"ఎగురుతాయన్నాను. మీ బ్రెడ్డు మీద మొలిచాయనలేదు. ఆ బూజు వేరే జాతి."

అతను వినిపించుకోలేదు. నేరుగా బిల్డింగ్ ఓనరమ్మకు ఫిర్యాదు చేశాడు. వారంలో గది ఖాళీ చేయమంది ఆవిడ. ఆ అమ్మాయి, వాళ్లమ్మ రెండేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న పని అది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట తడబడలేదు.

"వారం ఇచ్చారుగా, చాలు. నిజమేంటో తేలుస్తాను."

మర్నాడు పొద్దున్నే వాజలిన్ రాసిన గాజు పలకలతో బేకరీలోకి దిగింది. మెట్ల దగ్గరొకటి, కిటికీ మీదొకటి, పిండి గదిలో రెండు పెట్టింది. గాలిలో ఏది ఎగిరినా వాటికి అంటుకుంటుంది. రోజూ వచ్చి పలకలు మార్చేది. ఇష్టం లేకపోయినా, ఆమె ఎక్కిన నిచ్చెన అతనే పట్టుకునేవాడు.

"కదపకండి."

"నేను కదపలేదండీ. మీరే అటూ ఇటూ చూస్తున్నారు."

"నేను పలక చూస్తున్నా. మీరేం చూస్తున్నారో?"

అతను గబుక్కున పిండి బస్తాల వైపు తిరిగాడు.

ఐదో రోజు అతణ్ణి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది.

"ఈ పొడుగువి మావి. మెట్ల దగ్గరే ఆగిపోయాయి. ఈ గుండ్రటివి బూజువి. మీ పిండి గది పలకల మీద కుప్పలుగా ఉన్నాయి."

ఇద్దరూ కలిసి బస్తాలు జరిపారు. వెనక గోడంతా చెమ్మ, పచ్చటి బూజు. ఎదురుగా తిరుగుతున్న ఫ్యాను ఆ బూజును, చల్లారబెట్టిన బ్రెడ్డు మీదికి విసురుతోంది.

అతని మొహం పాలిపోయింది. చెబితే తన షాపు మూయాలి. చెప్పకపోతే ఆమె వెళ్లిపోవాలి. ఫ్యాను ఆపేసి, ఓనరమ్మ దగ్గరికి ఒక్కడే వెళ్లాడు.

"తప్పు నాదండీ. వాళ్లను ఖాళీ చేయించకండి."

బేకరీకి పది రోజులు తాళం పడింది. అతను గోడ గోకుతుంటే, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆమె కూడా వచ్చింది.

"మీకెందుకండీ ఈ శ్రమ?"

"పొడిగా గోకితే సగం మళ్లీ గాలికెక్కుతుంది. ముందు తడపాలి."

"మీరంటే నాకిష్టం," అనేశాడతను.

"ఇంత బూజులోనా చెప్పేది?" ఆమె నవ్వు కళ్లలోనే తెలిసింది. "నాకూ ఇష్టమే. అమ్మతో మాత్రం మీరే మాట్లాడాలి."

చేతులు కడుక్కుని అప్పుడే పైకి వెళ్లాడు. వాళ్లమ్మ అంతా విని, ఎగాదిగా చూసింది.

"మా అమ్మాయితో వాదించి గెలవగలవా బాబూ?"

"లేదండీ. ఓడిపోయాకే వచ్చాను."

ఆవిడ గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూసి, కుర్చీ ముందుకు లాగింది.

"అయితే కూర్చో నాయనా."