వేర్లు అడిగింది నాలుగే

2091 ఖరీఫ్‌లో కొమ్మలేరు ఆయకట్టులో ఎరువు బస్తా ఎవరి కంటా పడలేదు. భాస్వరపు రాతి గనులు ఖాళీ అయి పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు దొరికేది నగరాల మురుగు నుంచి తీసిన భాస్వరం ఒక్కటే. దాన్ని గొట్టాల్లో మడి మడికీ కొలిచి పంపేది వేరుచెవి.

వేరుచెవి అంటే మట్టిలో జానెడు లోతున పాతిన సెన్సర్. భాస్వరం చాలనప్పుడు వరి వేరు కొన్ని ఆమ్లాలు వదులుతుంది. సెన్సర్ వాటిని పసిగడుతుంది. వేరు ఎంత అడిగితే అంత పంపుతుంది. దీన్ని తయారుచేసింది డాక్టర్ హేమనళిని.

ఆ ఉదయం పదకొండున్నరకు ఆమె పంపుగదిలో మీటరు ముందు నిలబడి ఉంది. పొలాల నీరు దిగే కాలువలో భాస్వరం లీటరుకు 0.094 మిల్లీగ్రాములు. 0.1 తాకితే దిగువ జలాశయంలో నాచు కమ్ముతుంది. అందుకని ఆ అంకె దగ్గర గొట్టాలు వాటంతట అవే మూసుకుంటాయి. రెండు పంటల దాకా తెరుచుకోవు. ఇది చట్టం. నాట్లు పడి పన్నెండు రోజులైంది. ఇప్పుడు భాస్వరం ఆగితే పిలకలు రావు. తర్వాతి విడత పన్నెండింటికి.

"పెద్దమ్మా, నిజం చెప్పండి. ఎవరైనా చేత్తో చల్లుతున్నారా?"

నాగూర్‌బీ ఆయకట్టు సంఘం పెద్ద. నలభై ఆరో మడి ఆమెదే. గడప మీద కూర్చుని కాళ్ల బురద గీసుకుంటోంది.

"చల్లడానికి ఏముందమ్మాయ్ మా దగ్గర, ఉప్పా? నీ చెవినే అడుగు. మా మీద పడతావేం?"

హేమనళిని వేరుచెవులన్నిటినీ నడిపే యంత్రం వైపు తిరిగింది. "నలభై ఆరో మడి. వేర్లు అడిగిందెంత?"

"ఎకరానికి నాలుగు కిలోలు," అంది యంత్రం.

"ఇచ్చింది?"

"ఐదు."

"ఎందుకు?"

"నలభై ఏడో మడికి నాలుగున్నర వెళ్లింది."

"దానికెందుకు వెళ్లింది?"

"నలభై ఎనిమిదికి నాలుగుంబావు వెళ్లింది. ఎందుకైనా మంచిదని."

నాగూర్‌బీ బురద గీసుకోవడం ఆపింది.

"ఈ మాట నీకెవరు నేర్పారు?" అంది హేమనళిని.

"మీరే. మొదటి మూడేళ్లు ముప్పై మంది రైతుల చేతులకు కదలికా మాటా పట్టే పట్టీలు కట్టి, వాళ్లు చల్లే తీరు నాకు నేర్పారు. వాళ్లు గట్టు మీద నిలబడి పక్క మడి చూసేవారు. చూశాక ఇంకో గుప్పెడు వేసేవారు. వేస్తూ ఆ మాట అనేవారు."

"అందులో నా చెయ్యీ ఉంది," అంది నాగూర్‌బీ. "మా నాయనదీ ఇదే చెయ్యి. పక్కోడి చేను మా చేనుకంటే ఏపుగా, నల్లగా ఉంటే ఆయనకి అన్నం దిగేది కాదు."

పదకొండూ నలభై ఎనిమిదికి హేమనళిని రెండువందల పన్నెండు మడుల మధ్య సంబంధం తెంచింది. ఇక ఏ చెవికీ పక్క మడి సంగతి తెలియదు.

"ఇప్పుడు విడత పడితే కాలువలో ఎంత?"

"0.098. కాస్త అటూ ఇటూ."

"బతికాం," అంటూ నాగూర్‌బీ లేచి వచ్చి తెర చూసింది. తెర మీద పై ఆయకట్టు అంకెలు కూడా ఉన్నాయి. వాళ్ల నీరు వేరే కాలువలో దిగుతుంది.

"వాళ్లకెంత వేస్తున్నారమ్మాయ్?"

"నాలుగున్నర."

"అక్కడ చూసేదెవరు?"

"నాతో చదివినావిడే."



పదకొండూ యాభై ఏడుకు హేమనళిని తెర మీద అన్ని మడులకూ ఉన్న నాలుగు చెరిపి 4.1 కొట్టింది.

"వేర్లు నాలుగే అడిగాయి," అంది యంత్రం.

"తెలుసు."

"మార్చినందుకు కారణం రాయాలి."

రాసింది. రెండే మాటలు.

పన్నెండింటికి విడత పడింది. ఒంటిగంటకు మీటరు 0.099 దగ్గర ఆగింది. ఇద్దరూ కదలకుండా చూస్తున్నారు. ఒంటిగంటా ఇరవైకి అంకె మారింది. రెండువందల పన్నెండు మడుల్లో గొట్టాలు ఒక్కసారే మూసుకున్నాయి.

నాగూర్‌బీ తెర దగ్గరికి వంగి, కారణం అని ఉన్నచోట రాసింది చదివింది: ఎందుకైనా మంచిదని.

"మా నాయనకి రాయడం వచ్చుంటే ఇదే రాసేవాడమ్మాయ్," అంది.