బ్రేకు మాస్టారి కారు లోను

"ఈ కారు లోను ఇవాళే మూసేయాలండి. మొత్తం కట్టేస్తాను," అంటూ బ్రేకు మాస్టారు కౌంటరు మీద చెక్కు పెట్టాడు.

లోన్ల కౌంటరులో ఉన్న అమ్మాయి చెక్కు ముట్టుకోలేదు. కంప్యూటరు వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"ఎందుకండీ అంత తొందర?"

డబ్బు కట్టనివాళ్ళని బ్యాంకు ప్రశ్నలతో పీక్కుతింటుందని అతనికి తెలుసు. కట్టేవాణ్ణి కూడా వదలదని ఇప్పుడే తెలిసింది.

"తీరుస్తానన్నా తప్పేనా? వడ్డీ పోతోందని బ్యాంకుకి బాధగా ఉందా?"

"బ్యాంకు బాధ బ్యాంకు పడుతుంది లెండి. నేను మీ బాధ గురించి అడుగుతున్నాను."

పక్క కౌంటరులోని పెద్ద మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, నవ్వు కనబడకుండా కాగితాల్లోకి తల దించుకుంది.

అతనిది ఒకే ఒక్క కారున్న డ్రైవింగ్ స్కూలు. నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, నేర్చుకునేవాళ్ళకి ఎదుటి గొయ్యి కనబడే లోపే ఇతను దాన్ని తొక్కేస్తాడు. బ్రేకు మాస్టారన్న పేరు అలా వచ్చింది. పెళ్ళికి గంట ముందే వెళ్ళి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చునే మనిషి.

"స్థలం కోసం మా దగ్గరే ఇంకో లోనుకి అప్లై చేశారు కదా?" అంది ఆమె.

"అవునండీ. నేను నేర్పే ఖాళీ స్థలం అది. ఓనరు అమ్మేస్తున్నాడు. ఈ నెలాఖరులోగా నేను కొనకపోతే గోడౌను కట్టేవాళ్ళకి ఇచ్చేస్తాడట. కొత్తవాళ్ళని తిన్నగా మెయిన్ రోడ్డు ఎక్కించలేను కదా? ఆ స్థలం పోతే నా స్కూలు లేనట్టే."

"అందుకే ఆగమంటున్నాను. మీకు క్రెడిట్ కార్డు లేదు, వేరే లోను లేదు. మీరు బాకీ సరిగ్గా తీర్చే మనిషని ఇవాళ మీ తరఫున సాక్ష్యం చెప్పేది ఈ కారు లోనొక్కటే. ఒక్క వాయిదా కూడా ఆలస్యం చెయ్యలేదు మీరు. ఇప్పుడు దీన్ని మూసేస్తే మీ క్రెడిట్ స్కోరు కాస్త జారొచ్చు. కొన్ని నెలల్లో మళ్ళీ లేస్తుందనుకోండి. కానీ మీకు పని ఈ నెలలోనే కదా!"

"అప్పు తీరిస్తే మార్కులు తగ్గిస్తారా? ఇదెక్కడి న్యాయం!"

"న్యాయం కాదండీ, లెక్క. స్థలం లోను శాంక్షన్ అవనివ్వండి. ముందుగా కట్టినందుకు పడే ఛార్జీ ఎంతో, మిగిలే వడ్డీ ఎంతో చూసి, అప్పుడు నేనే దగ్గరుండి మూయిస్తాను."

ఆమె గొంతులో విసుగు లేదు. వెనక వరుస పెరుగుతున్నా, అతనొక్కడే వచ్చినట్టు చెప్పింది. నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకోమని అతనితో ఇంతవరకూ ఏ కౌంటరూ అనలేదు. అతను చెక్కు తీసి జేబులో పెట్టుకున్నాడు.

లేవబోతుంటే ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కమాట. మీరు భయస్థులకి కూడా నేర్పుతారా?"

"భయం లేనివాళ్ళకి నేర్పాలంటేనే నాకు భయమండీ."

ఆ ఆదివారమే పాఠం మొదలైంది. ఫీజు తగ్గిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "మీ ఫైలు నా టేబుల్ మీద ఉంది. తగ్గింపు మాటెత్తారంటే దిగిపోతాను," అని మొత్తం కట్టి రసీదు తీసుకుంది.

పెద్ద పెద్ద అంకెల్ని అదరగొట్టే ఆ మనిషి స్టీరింగు పట్టుకుంటే పసిపిల్లయిపోయేది. అడ్డొచ్చిన కుక్కకి "మీరు వెళ్ళండి" అని దారిచ్చేది. గుర్తుగా పెట్టిన డబ్బాని గుద్దితే "సారీ అండీ" అనేది.

"డబ్బాకి వినబడదు," అనేవాడతను.

"మీకు వినబడింది కదా, చాలు."

ఆమెతో ఉన్నప్పుడు తన కాలు బ్రేకు మీదికి పోవడం లేదని ఒకరోజు అతనికి తెలిసొచ్చింది. ఆమె భయపడుతుంది, కానీ చూడాల్సినవన్నీ చూస్తుంది. అలాంటివాళ్ళు అరుదు.

ఇంట్లో మాత్రం అక్క ఊరుకోలేదు. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

"చెక్కు తీసుకెళ్ళి చెక్కుతోనే తిరిగొచ్చావేరా? అప్పులేనివాడు అధికబలుడన్నారు. ఆ పిల్ల మాటలు విని ఆగావా, కళ్ళు చూసి ఆగావా?"

"మాటలే అక్కా."

"మరి చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

అతనికి రోషం వచ్చింది. ఆ పూటే ఫోనులోంచి లోను మొత్తం కట్టేశాడు. కట్టాక గంటసేపు గుండె తేలికగా ఉంది. ఆ తర్వాత, ఆమెకి ఎలా చెప్పాలన్న ఆలోచన దానిమీద బండలా కూర్చుంది.

మరుసటి పాఠం నాడు వాన. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తల ఊపుతున్నాయి, చెప్పొద్దు చెప్పొద్దన్నట్టు.

"కారు లోను కట్టేశానండీ."

కారు ధడాలున ఆగింది. ఈసారి బ్రేకు తొక్కింది ఆమె.

"ఎంత పని చేశారండీ! నామీద నమ్మకం లేకా?"

"మీ మీద నమ్మకముంది. మా అక్కంటే భయముంది."

కోపంగా చూడబోయి ఆమె నవ్వేసింది. నవ్వాక కాసేపు వానని చూస్తూ కూర్చుంది. ఆలోచిస్తున్నప్పుడు ఆమె కింది పెదవి కొంచెం ముందుకొస్తుంది. ఈ స్థలం పోయినా సరే, ఈ వాన ఇంకాసేపు కురిస్తే బాగుండుననిపించింది అతనికి.

"మునిగిపోయిందేమీ లేదు లెండి," అంది చివరికి. "స్కోరు కాస్త తగ్గుతుంది. కానీ వేళకి కట్టిన వాయిదాలన్నీ రికార్డులో ఉంటాయి, లోను మూసినంత మాత్రాన చెరిగిపోవు. పైగా ఇప్పుడు నెలనెలా కారుకి కట్టే పని లేదు. కొత్త వాయిదా మోయగలరని అదీ చెబుతుంది. స్కోరు ఒక్కటే చూసి మనిషిని తూచరు మా దగ్గర. నేనూ ఆ రోజు మరీ బెదరగొట్టానేమో."

"లేదండీ. నా మంచి కోరి చెప్పారు."

ఆమె ఎందుకో కారు స్టార్టు చేయడానికి తాళం కోసం వెతికింది. అది దాని చోటులోనే ఉంది.

నెలాఖరు దగ్గర పడింది. బ్యాంకు నుంచి పిలుపొస్తే వెళ్ళాడు. ఆమె అతన్ని చూసి చటుక్కున లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఫైలు పెద్ద మేడమ్ ముందు ఉంది.

చెప్పిన మాట విననందుకు తనని వదిలించుకుందన్నమాట, అనుకున్నాడతను.

"కూర్చో బాబూ," అంది పెద్ద మేడమ్. "స్కోరు తగ్గింది."

"తెలుసండీ. నా తొందరే."

"తగ్గినా మా గీత దాటి కిందికి పోలేదు. వాయిదాల చరిత్ర బంగారంలా ఉంది, నెత్తిమీద వేరే బాకీ లేదు. మేనేజరు గారు సంతకం పెట్టేశారు. నీ స్థలం నీకే. ఓనరుకి కబురు చేసుకో."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. అతను లోపలి గది తలుపు వైపే చూస్తున్నాడు.

"నా ఫైలు ఆవిడ దగ్గరుండేది కదండీ. ఆవిడకి నామీద అంత కోపమా?"

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తొందరేమీ పడలేదు.

"కోపమా? మా బ్యాంకులో ఒక రూలుంది బాబూ. సొంతవాళ్ళ ఫైలు ఎవరూ చూడకూడదు. మొన్న వాన కురిసిన మర్నాడు పొద్దున్నే తెచ్చి నా ముందు పెట్టింది. 'ఇక నేను చూడకూడదు మేడమ్' అంది. 'ఏం, బంధువా?' అన్నాను."

"ఏమందండీ?"

"'ఇంకా కాలేదు మేడమ్' అంది."

అతను లేచి తలుపు దగ్గరికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆమె కిటికీ దగ్గర, వెనక్కి తిరగకుండా నిలబడి ఉంది. అంతా వినబడిందని ఆమె మెడ మీది ఎరుపే చెప్పింది.

"మీ నాన్నగారితో మాట్లాడాలి. అక్కని తీసుకొస్తాను," అన్నాడతను. జీవితంలో మొదటిసారి, ఒక్కొక్క మాటా ఆచితూచి. "కంగారేం లేదు. వచ్చే ఆదివారం రమ్మంటే వస్తాను. ఆ పై ఆదివారమన్నా సరే."

ఆమె ఇటు తిరిగింది. కళ్ళనిండా నవ్వు.

"ఆదివారం దాకా ఎందుకండీ? ఈ సాయంత్రం మీ అక్కగారికి ఏమైనా పనుందా?"