వీరమ్మకి పెట్టని ముద్ద

చలికాలం, పొద్దు గూకే వేళ. గోదావరి మీద గాలి లేదు. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన ఉన్న లంకలో ప్రార్థన ముగించుకుని రేవుకి వచ్చాను. బురద వాసన, ఎక్కడో తాటాకు కాలుతున్న వాసన. పడవవాడు చిట్టియ్య నా కోసం కాచుకుని ఉన్నాడు. ఆ ఉదయమే మా మిషను దొరగారు అతనికి బాప్తిస్మం ఇచ్చారు.

అయినా పడవ అంచు మీద అన్నం ముద్ద!

నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఇదేంటి, చిట్టియ్యా?"

"మా వీరమ్మకండి."

వీరమ్మ అతని తమ్ముడి భార్య. వరదలో లంక మునిగినప్పుడు ఈ పడవ నిండా జనం. ఆమె ఈదుకొచ్చి అంచు పట్టుకుంది. పడవ ఒరిగింది. చిట్టియ్య గెడతో ఆమె వేళ్ళ మీద కొట్టాడు. పడవలో వాళ్ళంతా బతికారు. ఆమె శవం కూడా దొరకలేదు. అలా పోయినవాళ్ళకి ముద్ద పెట్టనిదే ఇక్కడి పడవవాళ్ళు సాయంత్రం పడవ విప్పరు.

"అయితే దేవుడికంటే మరదలికే భయపడతావన్నమాట!"

"దేవుణ్ణి నేను గెడతో కొట్టలేదు కదండీ."

బానిసత్వం! తరతరాల బానిసత్వం! మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే, క్రియల వల్ల కాదు, ముద్దల వల్ల అసలే కాదు అని అరిచాను. "నీ పాపం సిలువ మీదే తీరిపోయింది. నమ్ముతావా, నమ్మవా?"

అతను నీళ్ళ వైపు చూశాడు. "నమ్ముతానండి" అని తనే ముద్ద తీసి రేవులో కుక్కకి వేశాడు. కుక్క వాసన చూసి, ముట్టకుండా వెళ్ళిపోయింది.

పడవ కదిలింది. చిట్టియ్య కీర్తన అందుకున్నాడు. అతను పాడగా నేనెన్నడూ వినలేదు. ఇదీ స్వేచ్ఛ అనుకున్నాను.

నడి గోదాట్లో పడవ ఒరిగింది. నా వైపు.

పాచి వాసన... తర్వాత చిన్న చప్పుడు. చెక్క మీద గోళ్ళు.

చూడకూడదనుకున్నాను. చూశాను.

అంచు మీద వేళ్ళు. నల్లగా, చితికిపోయి...

"చిట్టియ్యా... అక్కడ... ఆమె..."

అతను గెడ ఆపి వచ్చాడు. సరిగ్గా ఆ వేళ్ళ మీదే చెయ్యి ఆనించి, వంగి చూశాడు.

"ఏం లేదండి. ఇదివరకు రోజూ కనబడేది. ఇప్పుడేం లేదు. అంతా మీ దయ." నవ్వుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

మళ్ళీ పాట.

నీళ్ళలోంచి పసుపు రాసుకున్న ముఖం లేచింది. గొంతు నా చెవి దగ్గరే.

"బావగారి పాపం వదిలించేశారంట కదండీ?"

నేను వెనక్కి జరిగాను.

"మరి నాకేం చెప్తారు?"

వెతికాను. నాకొచ్చిన వాక్యాలన్నీ వెతికాను. నమ్మినవాడికి... నమ్మినవాడికి... ఆమెకి ఎవరు చెప్పారు నమ్మమని? ఇప్పుడు వేళ దాటిపోయింది. నేను మోసుకు తిరిగే సువార్తలో చంపినవాడికి విడుదల ఉంది. చచ్చినదానికి ఒక్క మాట లేదు.

"చెప్పండి..."

వేళ్ళు అంచు వదిలాయి. పడవ సర్దుకుంది. బరువు మాత్రం నా భుజం మీదికి వచ్చింది.

చిట్టియ్య రేవులో పడవ కట్టి, పాడుకుంటూ ఇంటికి పోయాడు. ఇప్పుడు ఆయన హాయిగా నిద్రపోతున్నాడని అతని భార్య సంపూర్ణమ్మ ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

పొద్దున లేచేసరికి నా తెల్లచొక్కా భుజం మీద తడి పసుపు ఉంటోంది. ఎంత ఉతికినా మర్నాటికి మళ్ళీ, అప్పుడే నూరినట్టు వాసన వేస్తూ... మా క్రైస్తవుల పేటలో ముఖానికి పసుపు నూరుకునే ఇల్లు ఒక్కటీ లేదు. మేమే మాన్పించాం.