గేటు పడ్డది

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మధ్య, రెండో అంతస్తులో మా రైలు ప్రేమికుల సంఘానికి ఒక గది ఉంది. పాత జెండాలు, ఈలలు, స్టేషన్ పేరు పలకలు అన్నీ అక్కడే. మా ఆవిడ దాన్ని తుక్కు దుకాణం అంటుంది. అననివ్వండి.

ఈసారి ప్రదర్శనకు నా కన్ను సారయ్య లాంతరు మీద పడింది. ఎప్పుడో ఎత్తేసిన ఒక రైలు గేటుకు ఆయన ఆఖరి గేట్‌మన్. పంజాగుట్ట ఆసుపత్రిలో మంచాన పడ్డా లాంతరును తలగడ పక్కనే పెట్టుకున్నాడు.

"ఇస్త సారూ. గని పద్ధతి ప్రకారం తీస్కోవాలె. నా జాగల డ్యూటీ ఎక్కే రిలీవరు వచ్చి, లాంతరు చేతబట్టి, 'నేనున్నా, నువ్వు పో' అనాలె. గా మాట అనకపోతే గేట్‌మన్ డ్యూటీ దిగడు," అన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి నిద్రలో ఉన్నాడు. లేపితే గంటసేపు పాత కబుర్లు. నాకేమో పోస్టరుకి ఫొటో తీయాలన్న తొందర. ఎలాగూ ఇస్తానన్నాడు కదా అని లాంతరు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ రాత్రే పోయాడు. ఆఖరిదాకా తలగడ పక్కన తడుముతూ, "రిలీవరు వచ్చిండా?" అని అడిగాడట. కూతురు అనుపమ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. లాంతరు నా దగ్గరుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పెద్దకర్మ అయిన సాయంత్రం గదిలో ఒక్కడినే సర్దుతున్నాను. వాన. కరెంటు పోయింది. కింది నుంచి వచ్చే బజ్జీల వాసన ఆగిపోయి, కిరసనాయిలు వాసన మొదలైంది. లాంతరులో చుక్క నూనె లేదు, నేనే కడిగి తుడిచాను. అయినా దాని ఎర్రద్దం... మెల్లగా వెలిగింది.

మెట్ల మీద కంకర నలిగే చప్పుడు. పైకి... ఇంకా పైకి... గుమ్మం దగ్గర ఆగింది.

"రిలీవరు వచ్చిండా?"

సారయ్య గొంతే. తప్పు నాది, దిద్దుకోవాల్సిందీ నేనే. లాంతరు చేతబట్టాను. "నేనున్నా... నువ్వు పో."

ఒక నిట్టూర్పు. కంకర చప్పుడు కిందికి దిగిపోయింది. హమ్మయ్య అనుకుని లాంతరు బల్ల మీద పెట్టబోయాను. వేళ్లు విడిపోలేదు. గుమ్మం దాటబోతే కాళ్లు కదల్లేదు. ఎక్కడో గంట మోగుతోంది. అప్పుడు అర్థమైంది... ఇక డ్యూటీ నాది.

ఎంతసేపటికో ఫోన్ వెలుతురుతో అనుపమ వచ్చింది.

"అన్నా, బాపు లాంతరు మీ కాడున్నదని వార్డుల చెప్పిండ్రు. ఒక్కసారి పట్టుకుంట, ఇస్తరా?"

వద్దమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి చాపాను.

ఆమె లాంతరు అందుకుని, ఏడుపులోనే నవ్వింది. "చిన్నప్పుడు బాపుతోని గిట్లనే ఆడేదాన్ని. 'నేనున్నా, నువ్వు పో!'"

నా వేళ్లు విడిపోయాయి. పోయాను. ఆ పిల్లకు ఒక్క ముక్క చెప్పకుండా, మెట్లు దూకుతూ పోయాను.

వీధిలోకి వచ్చేసరికి కరెంటు వచ్చింది. బోర్డులన్నీ వెలిగాయి. మా గది కిటికీ ఒక్కటే ఎర్రగా ఉంది. ఆటో ఎక్కి ఇంటికి, పంజాగుట్ట వైపు పొమ్మన్నాను. ఫోన్ మోగింది.

"అన్నా," అనుపమ గుసగుసలాడింది. "గంట కొడుతున్నరు... బండి దగ్గరికొచ్చింది. గేటు ఏడున్నది?"

వెనక్కి వెళ్లాలి. వెళ్లి ఆ లాంతరు నేనే తీసుకోవాలి. ఫోన్ కట్ చేశాను.

పంజాగుట్ట చౌరస్తా చేరకముందే ఆటో ఆగింది. ముందు రోడ్డంతా ఖాళీ, అడ్డంగా ఏమీ లేదు. డ్రైవరు తాపీగా ఇంజను ఆపేశాడు.

"ఏంటి బాబూ, ఆపావేం?"

"గేటు పడ్డది సార్. బండి పోయేదాంక జర ఆగుండ్రి."