పటిక చెయ్యి

గుడివాడలో పామర్రు రోడ్డు పక్కన ఒకప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. ఇప్పుడూ ఉంది, బియ్యమే లేవు. పొగగొట్టానికి నీలం రంగు వేశారు. గోడౌన్లు గ్యాలరీలయ్యాయి. లారీలు తూకం వేసే కాటా గదిలో ఫిల్టర్ కాఫీ అమ్ముతున్నారు. ధాన్యం ఆరబోసిన నాపరాళ్ల మీద ఇప్పుడు జనం మూతులు సున్నాలా చుట్టి సెల్ఫీలు దిగుతున్నారు. ఓనరు పూర్ణచంద్రరావు గారు వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతారు: "మా నాన్నగారు జనం కడుపుకి పెట్టారండీ, నేను కళ్లకి పెడుతున్నాను." ఈ మాట ఆయన భార్యకి తప్ప అందరికీ నచ్చింది.

ఆ మాట అనేటప్పుడు ఆయన కనుబొమ్మలు ఎంత పైకి లేస్తాయో చేసి చూపించడం దీప్తికి మహా సరదా. దీప్తి సరదాలకి అంతు లేదు. ఒకసారి అన్నయ్య ఫోన్‌లో వదిన పేరు తీసేసి 'కరెంటు ఆఫీసు' అని పెట్టింది. బిల్లు కట్టలేదన్న భయంతో పాపం ఆయన రెండ్రోజులు పెళ్లాం ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఆయనకి అన్నం పెట్టినవాళ్లు లేరు.

ఇలాంటి పనులకి ఇంట్లో అందరూ దీప్తిని తిట్టేవాళ్లే. వదిన హిమబిందు ఒక్కతే కడుపు పట్టుకుని నవ్వేది. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ అంతే. ఆ నవ్వు కోసమే దీప్తి సగం వేషాలు వేసేదంటే అబద్ధం కాదు.

హిమబిందు పుట్టిల్లు పెడన. నాన్న భావనారాయణ గారిది కలంకారీ అద్దకం పని. గుడ్డని కరక్కాయ రసంలో, గేదె పాలల్లో తడిపి ఆరబెట్టి, దాని మీద చెక్క అచ్చులతో పటిక అద్దుతారు. తర్వాత మంజిష్ఠ వేళ్లు వేసిన నీళ్లలో మరిగిస్తే పటిక అంటిన చోటల్లా ఎరుపు తేలుతుంది. అంటని చోట తేలదు. అచ్చు ఎక్కడ పడిందో తెలియడానికి మామూలుగా పటికలో కాస్త రంగు కలుపుతారు. ఈ మిల్లులో పెట్టబోయే ప్రదర్శన కోసం హిమబిందు కావాలనే కలపలేదు. అందుకే ఆవిడ గుడ్డలన్నీ చూడ్డానికి మాసిన పంచెల్లా ఉన్నాయి.

"ఇవి చూడ్డానికా వదినా జనం రావడం? చాకలి పద్దు అనుకుంటారు," అంది దీప్తి.

"రేపు చూడవే. అందరి ముందూ గుండిగలో వేస్తాను. కొంగలూ కాలవలూ జమ్ముగడ్డీ అన్నీ ఎర్రగా లేచొస్తాయి. నాన్న కూడా వస్తున్నారు."

నాన్న మాట వచ్చేసరికి ఆవిడ గొంతు సన్నబడింది. ఆవిడ పేరు మీద పెడుతున్న మొదటి ప్రదర్శన అది.

గుడ్డల్ని వేలాడదీసింది ధాన్యం నానబెట్టే పాత సిమెంటు తొట్టిలో. నిలువున్నర లోతు, దిగడానికి గోడకి ఇనుప నిచ్చెన. జనం గట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూడాలి. నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో గానీ ఆ తొట్టి గోడలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. "పాత సిమెంటండీ, ఊపిరి పీలుస్తుంది," అనేవారు పూర్ణచంద్రరావు గారు, కనుబొమ్మలు ఎగరేసి.

కిందటి వారం ఎవరూ లేనప్పుడు దీప్తి ఆ తొట్టిలోకి దిగింది. కుడి అరచేతికి పటిక ముద్ద పూసుకుని ఒక గుడ్డ అంచున గట్టిగా నొక్కింది. ఆరిపోయాక ఏమీ కనిపించలేదు. మరిగించినప్పుడు ఎర్రటి చెయ్యి ఒకటి లేచొస్తుంది, వదిన కెవ్వుమంటుంది, ఆ తర్వాత నవ్వుతుంది. దీప్తి లెక్క అది.

ప్రారంభానికి ముందురోజు సముద్రంలో వాయుగుండం. మధ్యాహ్నానికే దీపాలు పెట్టాల్సినంత చీకటి. బందరు వైపు నుంచి వాన తెరలు తెరలుగా వచ్చి రేకుల కప్పు మీద పడుతోంది. కరెంటు పోయింది. జనరేటరు మెకానిక్‌ని పట్టుకొస్తానని ఓనరు గారు కారెక్కి వెళ్లారు. అంత పెద్ద మిల్లులో వదినా ఆడపడుచూ ఇద్దరే మిగిలారు.

తొట్టి పక్కనే కట్టెల పొయ్యి. పొయ్యి మీద రాగి గుండిగ. రేపటి కోసం ఒక గుడ్డ వేసి చూస్తున్నారు, దీప్తి కర్రతో తిప్పుతోంది. వేళ్లు ఉడికే మట్టి వాసన, తడి కట్టెల పొగ. వాటి అడుగున ఇంకో వాసన... నానిన ధాన్యం పులిసిన వాసన.

"వదినా, ఎవరైనా బియ్యం నానబోశారా?"

"గోడలకి పట్టుంటుందిలే. కర్ర ఆపకు, మచ్చలు పడతాయి."

హిమబిందు గుడ్డ అంచు ఇంకో కర్రతో పైకెత్తింది. పొయ్యి వెలుగులో కొంగలు కనిపించాయి. ఒంటికాలి మీద, ముక్కు కిందకి వంచి, చక్కటి ఎరుపు. ఆవిడ మొహం విప్పారింది. ఆ కొంగల పక్కనే ఒక చెయ్యి.

"ఏయ్! నీదేనా?"

దీప్తి అప్పటికే పడీపడీ నవ్వుతోంది. "ప్రదర్శనకి సంతకం వద్దా వదినా?"

హిమబిందుకి కోపం రాబోయి నవ్వొచ్చింది. గుడ్డని ఇంకొంచెం లాగింది. నవ్వు ఆగింది.

"సరే, ఒకటి పెట్టావు. ఇన్నెందుకే?"

"ఒక్కటే పెట్టాను."

"మరి ఇవి?"

దీప్తి వంగి చూసింది. తన చేతి పక్కన ఇంకో చెయ్యి. దాని పక్కన ఇంకోటి. గుడ్డ పొడవునా... గుండిగలోకి.

"నేను కాదు వదినా. ఒట్టు."

"కిందటిసారీ ఒట్టేశావు." హిమబిందు గుడ్డ తిరగేసి చూసింది. "చూడు, వెనకవైపు ముదురుగా ఉంది. గుడ్డ వెనక దూరి మరీ నొక్కావు. ఎలా దూరావే? గోడకీ గుడ్డకీ మధ్య నా వేలు కూడా పట్టదు."

దీప్తి ఈసారి నవ్వలేదు. అదే విడ్డూరం.

"మిగతా గుడ్డలు కూడా పాడుచేశావేమో చూసొస్తాను. రేపు నాన్న ముందు నా పరువు తీయకే తల్లీ." హిమబిందు టార్చి పట్టుకుని తొట్టిలోకి దిగింది. "కర్ర ఆపకు!"

దీప్తి తిప్పుతూనే ఉంది. తిప్పిన కొద్దీ గుడ్డ మడతలు విప్పుకుంటూ పైకి తేలుతోంది. తన చేతికి దూరంగా ఉన్న చెయ్యికి ఆరు వేళ్లున్నాయి. దాని ఇవతలి దానికి నాలుగు. తర్వాతి దానికి ఐదున్నాయి గానీ బొటనవేలు అరచేతి మధ్యలో మొలిచింది. ఆ తర్వాతది కాస్త నయం. ఇంకోటి ఇంకా నయం. ఇవతలికి వచ్చేకొద్దీ బాగుపడుతూ... బడిలో వేసిన పిల్ల పలక మీద దిద్దుకుంటున్నట్టు...

తన చేతిని ఆనుకుని ఉన్న ఆఖరిది అచ్చు తన చెయ్యే. చూపుడు వేలి మీద చిన్నప్పుడు కత్తిపీట తెగిన గీతతో సహా.

దీప్తి చేతిలో కర్ర ఆగిపోయింది.

అప్పుడే తొట్టిలోంచి వదిన నవ్వు వినిపించింది. "చాల్లేవే, చెయ్యి వదులు. చక్కిలిగిలి పుడుతోంది."

"వదినా..."

"గుడ్డ వెనక ఎప్పుడు దూరావు? దొంగ మొహమా, వదులంటుంటే!"

"వదినా... నేను పైన ఉన్నాను."

వాన చప్పుడు. పొయ్యిలో కట్టె చిటపట. కింద నవ్వు సగంలో తెగింది.

"...పైనా?"

టార్చి నేల మీద పడిన శబ్దం. వెలుతురు ఒకసారి గోడ మీద దొర్లి ఆరిపోయింది.

దీప్తి గట్టు మీద బోర్లా పడుకుని నిచ్చెన పక్కన చెయ్యి చాపింది. కింద చీకటి. పులిసిన ధాన్యం వాసన మొహానికి కొట్టింది, వెచ్చగా. "వదినా, చెయ్యివ్వు! తొందరగా!"

చీకట్లోంచి చెయ్యి లేచింది. ఆకుపచ్చ గాజుల చెయ్యి.

దాని పక్కన ఇంకో చెయ్యి లేచింది. అవే గాజులు.

రెండూ కుడిచేతులే.

"దీప్తీ, లాగవే..." అంది కింద గొంతు.

"దీప్తీ, లాగవే..." అంది అదే గొంతు, ఒక్క అడుగు అవతల.

దీప్తి చాపిన చెయ్యి రెండింటి మధ్యా ఆగింది. ఏది? ఏది వదిన? అంత భయంలోనూ అల్లరి బుర్ర అల్లరి బుర్రే, ఒక దారి వెతికింది.

"అన్నయ్య ఫోన్‌లో... నీ పేరు ఏమని పెట్టాను?"

"కరెంటు ఆఫీసు."

"కరెంటు ఆఫీసు."

రెండు గొంతులూ చెప్పాయి. కానీ తేడా ఉంది. ఒకటి వెక్కుతూ చెప్పింది. ఇంకోటి నవ్వుతూ.

ఆ మాటకి వదిన ఎప్పుడూ నవ్వుతుంది. నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉంది.

దీప్తి నవ్విన చెయ్యి పట్టుకుంది.

పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. వదిన నిచ్చెన మీదుగా పైకొచ్చింది. జుట్టు, చీర, మొహం, అన్నీ వదినవే. రెండో చెయ్యి ఒక్క క్షణం అలాగే తెరుచుకుని ఉండి, మెల్లిగా చీకట్లోకి దిగిపోయింది. ఇద్దరూ వానలో పరుగెత్తి కాటా గదిలో పడ్డారు. పూర్ణచంద్రరావు గారి కారు లైట్లు గేట్లోకి తిరిగేదాకా దీప్తి వదినని వాటేసుకునే ఉంది. వదిన మాత్రం వానకేసి చూస్తూ చిన్నగా నవ్వుకుంటోంది.

జనరేటరు బాగయ్యాక దీప్తి ఓనరు గారిని బతిమాలి తొట్టిలో లైటు వేయించి చూసింది. ఖాళీ. వేలాడుతున్న గుడ్డలు, ఆరిపోయిన టార్చి, చెమ్మ గోడ. అంతే.

ఆ రాత్రి ఇంట్లో పడుకున్నాక, దుప్పటి తలదాకా కప్పుకున్నాక, దీప్తికి ఒక్కసారి ఒక అనుమానం తట్టింది.

అంత చీకట్లో... చెయ్యి ఎవరో పట్టుకుని ఉండగా... ప్రాణభయంతో ఉన్న మనిషి నవ్వుతుందా?

పొద్దున్నే మబ్బు విడిపోయింది. ప్రారంభానికి బందరు నుంచి, విజయవాడ నుంచి జనం వచ్చారు. గుండిగలో గుడ్డలు వేశారు. కొంగలు లేచాయి, కాలవలు పారాయి. ఎక్కడా ఒక్క చెయ్యి లేదు. జనం చప్పట్లు కొట్టారు. పూర్ణచంద్రరావు గారి కనుబొమ్మలు మళ్లీ దిగితే ఒట్టు.

భావనారాయణ గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి కూతురి కుడిచెయ్యి అందుకున్నారు. కళ్లకద్దుకోబోయి ఆగారు. చెయ్యి తిరగేసి చూశారు. బొటనవేలితో అరచేతి అడుగున నొక్కి చూశారు.

"కాయ ఏదమ్మా?"

"ఏం కాయ నాన్నా?" అంది హిమబిందు.

ఆయన దీప్తి వైపు తిరిగి, నవ్వాలో వద్దో తెలియనట్టు మెల్లిగా అన్నారు. "పదేళ్లప్పటి నుంచి అచ్చు మీద గుద్దిన చెయ్యమ్మా ఇది. ఇక్కడ రాయిలాంటి కాయ ఉండాలి. నా చేతికి చూడు. అద్దకం పని చేసిన ఏ చేతికైనా చచ్చేదాకా పోదు."

దీప్తి మనసులో ఉన్న మాట తోసుకొచ్చింది.

"మావయ్యగారూ... ఈవిడ మా వదిన కాదు."

అన్నయ్య ఫక్కున నవ్వాడు. "ఇవాళైనా మానవే నీ వేషాలు!" ఓనరు గారు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నిజం అన్నయ్యా! తొట్టిలో..."

ఇంకా నవ్వారు. అందరికన్నా ఎక్కువసేపు వదిన నవ్వింది, కడుపు పట్టుకుని, ఎప్పటిలాగే.

భావనారాయణ గారు ఒక్కరే నవ్వలేదు. ఆయన బొటనవేలు ఇంకా ఆ మెత్తటి అరచేతిలో వెతుకుతూనే ఉంది. ఆ చెయ్యి మెల్లిగా ముడుచుకుని ఆయన వేలిని పట్టుకుంది... పురిటి పిల్లలు పట్టుకున్నట్టు.